మగ్గపుటింటినుండి పఠనమందిరమువఱకు



ఈ సంచికకై మన కులమునందలి విద్యాభివృద్ధిని గూర్చి యొక వ్యాసము వ్రాయుమని సంపాదకులు నన్ను కోరిరి. విద్యాభివృద్ధి యనగానే పట్టభద్రుల పేర్లును, ఉద్యోగుల పేర్లును వరుసగా ముద్రించుట యిట్టి సంచికల యాచారము. అది మంచిదే. తమ కుమారుని పేరు అచ్చులో చూచుకొని సంతోషింపని తలిదండ్రు లుండరు. కాని యా పట్టికను కార్యదర్శిగారు నాకంటె చక్కగా కూర్పగలరు. నేను వ్రాయబూనినది మఱియొక విద్యను గూర్చి. పద్మశాలి బాలుడు పదిమందిలో కూర్చుండుట, పెద్దల యెదుట మాటాడుట, తన వంతు పని తాను చేయుట, ఒరుల తప్పును సహించుట, తన తప్పు నొప్పుకొనుట మొదలగు వానిని ఎచ్చట నేర్చెను? బడిలో నేర్చెననుట చరిత్రకు సరిపడదు. ఏలయన మనవారిలో పెక్కుమందికి బడి యనునదియే మొన్నమొన్నటివఱకు అందుబాటులో లేదు. ఆ కాలమున మన బాలురు ఎట్లు పెరిగిరో, ఎవరెవరు వారిని మనుష్యులనుగా తీర్చిరో చెప్పుటయే నా యుద్దేశము.

మొదట బడుల మాట. 1822లో మద్రాసు గవర్నరగు సర్ థామస్ మన్రో తన రాజధానిలోని జిల్లాల యందెల్ల బడుల లెక్క తీసి పంపుడని కలెక్టరుల కుత్తరువు చేసెను. బళ్ళారి కలెక్టరగు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో తన నివేదికను పంపెను. ఇతడే 1816లో తెనుగునకు ఇంగ్లీషున వ్యాకరణము రచించినవాడు. అతని లెక్క ప్రకారము తొమ్మిది లక్షలకు పైబడిన జనముగల యా జిల్లాలో బడులు 533, చదువుకొనువారు 6,641 మంది. అనగా వేయిమందిలో ఏడుగురైనను బడిలో లేరు. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు పాఠము చెప్పుట మొదలగు మన వీథిబడుల పద్ధతులను అతడు వర్ణించి, పిల్లలచేత పిల్లలకు చెప్పించు నా పద్ధతి ఇంగ్లండునందును అనుకరింపబడినదని మెచ్చుకొనెను. ఈ మెప్పును మనవారు తఱచుగా ఉదాహరింతురు. కాని మనకు అంతకంటె ముఖ్యమైన మాట యా నివేదికలోనే కలదు. బడులు క్షీణించుటకు కారణములు చెప్పుచు, ఐరోపాలో నేసిన బట్టలు దిగుమతియై దేశపు నూలుబట్టల స్థానము నాక్రమించుటచే చేతిపనివారి జీవనము కొన్నియేండ్లుగా దిగజారినదనియు, బిడ్డలు కొంచెము ఎదుగగానే పేదతలిదండ్రులు వారిని పనికి పెట్టుచున్నారనియు అతడు దొరతనమువారికి దాపరికము లేక వ్రాసెను.

అనగా, మగ్గము చల్లబడిన చోట బడియు మూతపడెను. మన పూర్వులకు చదువు పట్లనే ఆసక్తి లేకుండెనని యిప్పటికిని కొందఱు సభలలో చెప్పుచుందురు. అట్లు చెప్పువారు రెండువందల యేండ్లనాటి ఈ కలెక్టరు వ్రాతను ఒకసారి చూచిన బాగుగ నుండును.

బడి పోయినను మగ్గపుటిల్లు మిగిలెను. మగ్గపుటింటి విద్య నాకు స్వానుభవము గనుక దానిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పెదను. పాఠకులు మన్నింతురు గాక. గుంటమగ్గమున నేయువాడు ఒక్కడే కూర్చుండినను, ఆ బట్టవెనుక ఇంటిల్లిపాదియు, కొంతవఱకు వీథి యంతయు నుండును. నూలు తోడుట, కండెలు చుట్టుట ఆడువారును పిల్లలును చేయుదురు. ఆసు పోయువారు వేఱు. అచ్చు అతుకుట యొక ప్రత్యేకపు నేర్పు. పాత పడుగు కొసలకు క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కదానిని చేర్చి వ్రేళ్ళతో మెలివేయవలెను. వందలకొలది పోగులలో ఒక్కటి తప్పినను బట్టలో గీత పడును. ఐదారేండ్ల బాలుడు మొట్టమొదట రాట్నము చెంత కూర్చుండి కండె చుట్టెడివాడు. పిదప నాడెలో కండె మార్చుట, తెగిన పోగు నతుకుట, తరువాత నాడె యాడించుట. ఎవ్వరును "ఈదినము నీకు ఈ పాఠము" అని చెప్పరు. చూచుచు, అందించుచు నుండగనే చేతికి వచ్చును.

నేను ఎనిమిదేండ్లవాడనై యున్నప్పుడు ఆటమీది తొందరచే కొన్ని కండెలు వదులుగా చుట్టితిని. వదులు కండెనుండి నూలు జాఱి చిక్కుపడును, నేత నిలిచిపోవును. మా మేనమామ మగ్గము నాపి, నన్ను తిట్టక, కొట్టక, ఆ కండెను నా చేతికిచ్చి, "అల్లుడా, దీనిని విప్పి నా యెదుటనే మరల చుట్టుము, అంతవఱకు నేను కూర్చుండెదను" అనెను. ఆయన చేతులు మడిచికొని కూర్చుండగా, బయట నా తోడివారు పిలుచుచుండగా, నేను దానిని విప్పి చుట్టుటకు పట్టిన కాలము ఇప్పటికిని నాకు జ్ఞాపకము. నా తొందరవలన ఇంకొకరి కూలి ఎంత నష్టమగునో లెక్క చెప్పకయే ఆయన నాకు తెలిపెను. పిమ్మట నేను చదివిన పుస్తకములలో ఏ నీతిపాఠమును నాకు అంత లోతుగా నాటలేదు.

వీథిలో పడుగు సాచుట ఇంకను పెద్ద పాఠము. సూర్యోదయమునకు ముందే వీథిపొడవున గుంజలు పాతి పడుగు నీడ్చి కట్టుదురు. గంజి పెట్టి, ఇరుప్రక్కల ఇద్దఱిద్దఱు నిలిచి కుంచెలతో ఒకే వేగమున దువ్వుచు నడుతురు. ఎండ ముదురకమునుపే పని ముగియవలెను. గాలి విసరినను, వాన చినికినను పడుగు చెడును. ఒక కుటుంబమునకు ఈ పని సాధ్యము కాదు గనుక ఇరుగుపొరుగువారందఱు రావలెను. దీనికి కూలి లేదు. నేడు నీ పడుగునకు నేను, రేపు నా పడుగునకు నీవు. రానివాని పేరు ఎవ్వరును వ్రాసిపెట్టరు. అయినను వీథికెల్ల జ్ఞాపకముండును. పన్నెండేండ్ల పిల్లవాడు ఆ వరుసలో నిలిచి తెగిన పోగులను వెదకి యతుకుచు పెద్దలతో సమముగా నడిచెడివాడు. ఎదుటివాని కుంచె వేగమును చూచి తన చేతిని సవరించుకొనవలెను. లేనిచో పడుగుమీద గంజి ఎగుడుదిగు డగును. ఆస్తితగాదాలచే మాటలు లేని రెండిండ్లవారు సయితము ఒకే పడుగునకు చెఱియొక ప్రక్క నిలిచి దువ్వుట నేను కన్నులార చూచితిని. పలుకరించుకొనకపోయినను పని చెడనీయలేదు. కోపమును ఎచ్చట నుంచుకొనవలెనో, ఎచ్చట విడువవలెనో పిల్లలమగు మేము అచ్చటనే తెలిసికొంటిమి.

ఇంతమాత్రముచే మగ్గపుటింటిని స్వర్గముగా వర్ణింప నాకు మనసొప్పదు. ఆ పాఠమునకు బాలుడు చెల్లించిన వెల పెద్దది. మసక వెలుతురున కన్నులు పాడయ్యెను, గుంటలో గంటలకొలది కూర్చుండి వెన్ను వంగెను, అప్పు తీరువఱకు షావుకారి యింట కూలికి కుదిరిన పిల్లలకు ఆటయే లేదు. మేనమామ చెంత నేర్చిన పిల్లవానికిని, షావుకారి కొట్టములో నేర్చిన పిల్లవానికిని చేతిపని యొకటే గాని బ్రతుకు ఒకటి కాదు. 1986లోను, తరువాత 2016లోను వచ్చిన బాలకార్మిక నిషేధ శాసనములును, 2009లో వచ్చిన విద్యాహక్కు శాసనమును మన బిడ్డలకు మేలే చేసినవి. పిల్లలను మగ్గమునకు మరల్పుడని నేను చెప్పుట లేదు. మగ్గముతో పాటు పోయిన దానిని గుర్తింపుడని మాత్రము చెప్పుచున్నాను.

ఇక కులమునకు చరిత్ర చెప్పినవారెవరు? తెలంగాణపు పల్లెలలో మనకు కూనపులివారు కలరు. వీరు మన కులము నాశ్రయించిన కథకులు. గ్రామములను తమలో తాము పంచుకొని, తమ వంతు గ్రామములకు వచ్చి, మార్కండేయ పురాణమును, భావనాఋషి కథను పటము చూపి చెప్పెడివారు. ఆ పటములను వ్రాయువారు చేర్యాల నకాషీ చిత్రకారులు. చేర్యాల యిప్పుడు సిద్దిపేట జిల్లాలో నున్నది. ముతక నూలుబట్టకు గంజియు, తెల్లసుద్దయు, చింతగింజల జిగురును పట్టించి, యెఱ్ఱని నేలమీద వరుసలు వరుసలుగా బొమ్మలు తీర్తురు. ఒక్కొక్క పటము ముప్పది యడుగులకు మించి యుండును. రాత్రివేళ గుంజలకు పటము వ్రేలగట్టి, కథ నడచిన కొలది చుట్టను విప్పుచు, కఱ్ఱతో బొమ్మను చూపుచు పాడుదురు. పదునాఱేండ్లే ఆయువుగల మార్కండేయుడు యముని పాశమునుండి బయటపడుట, భావనాఋషి పద్మనాళపు తంతువులతో దేవతలకు వస్త్రము నేయుట, సూర్యపుత్రి యగు భద్రావతిని వివాహమాడుట, ఇవన్నియు దీపపు వెలుగున మా కన్నులయెదుట జరిగెడివి.

ఈ కథలలోని దైవఘటనలను చరిత్ర యని నేను వాదింపను. చూడవలసిన దొకటి కలదు. పగలెల్ల గుంటలో కూర్చుండి, బజారులో బేరగాండ్రచే చులకనగా పిలువబడి, అప్పులవానికి తలవంచిన తండ్రిని చూచిన బాలుడు, ఆ రాత్రి పటములో ఒక ఋషి మగ్గముకడ కూర్చుండుటను, దేవతలు అతని బట్టకై వేచియుండుటను చూచెడివాడు. తన తండ్రి చేయు పని సిగ్గుపడవలసినది కాదని అతనికి చెప్పిన పాఠ్యపుస్తకము వేఱొకటి లేదు. కథ జరుగు దినములలో యువకులు ఇల్లిల్లు తిరిగి వంతులు వసూలు చేసి, కథకులకు బసయు భోజనమును అమర్చి, ఎవరింట ఎంత వచ్చినదో పెద్దలకు లెక్క యొప్పగింపవలెను. లెక్క తప్పినవానికి మఱుసటియేడు ఆ పని దొరకదు. సాధనాశూరులును మనలనే యాశ్రయించి గారడీ విద్యలు ప్రదర్శించెడివారు. వారు వచ్చిన దినమున పిల్లలకు నిద్ర యుండెడిది కాదు. జీర్ణమైన పటమును కూనపులివారు పాఱవేయరు. పూజించి నదిలో విడుతురు. ఇప్పుడు నదిలో విడువని పటములు చిత్రశాలల గోడలకు చేరినవి. కథ చెప్పువారు మాత్రము నానాటికి తక్కువ యగుచున్నారు.

ఆడుపిల్లల మాట చెప్పకున్న ఈ వ్యాసము సగమే యగును. భజనమందిరమునను, తరువాత వచ్చిన గ్రంథాలయమునను వారికి చోటు లేకుండెను. ఇది మన లోపము. వారి పాఠశాల బతుకమ్మ. భాద్రపద బహుళ అమావాస్య మొదలు తొమ్మిది దినములు తంగేడు, గునుగు పూలు పేర్చి, వలయముగా నిలిచి చప్పట్లు చఱచుచు పాడునప్పుడు, ముసలమ్మ మొదలెత్తిన పాటను ఏడేండ్ల పిల్ల అందుకొనును. అడుగు తప్పినచో వలయము చెదరును గనుక ప్రక్కవారు చేయిపట్టి సరిచేయుదురు. అత్తవారింటి బాధలు, ఊరి కరవు, చెఱువు తెగిన కథ అన్నియు ఆ పాటలలోనే అమ్మాయిల చెవిని పడెడివి. చదువని స్త్రీలు చదువని బాలికలకు ఊరి చరిత్ర నప్పగించిన విధమిది. ఆ బాలికలకు తెనుగు బడి ఏర్పడుటకు 1928లో మాడపాటి హనుమంతరావు పంతులుగారు హైదరాబాదు నారాయణగూడలో పూనుకొనువఱకు వేచియుండవలసి వచ్చెను.

ఇరువదవ శతాబ్దపు ఆరంభమున క్రొత్త తలుపు తెఱచుకొనెను. నైజాం రాజ్యమున బడిచదువు ఉరుదూలో సాగెను. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధనభాష ఉరుదూయే. తెనుగు బాలుడు తన భాషలో ఒక వార్తాపత్రికను చదువవలెనన్న, పదిమందితో చర్చింపవలెనన్న బడియందు వీలు లేదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును ఈ లోటును తీర్చుటకే పుట్టినవి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు మొదటిదానికి మూలపురుషులు. అచ్చట పుస్తకమొక్కటియే దొరకినదని తలపరాదు. కూర్చుండుటకు చాపయు, మాటాడుటకు తోడివారును దొరకిరి. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనిలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెనుగున మాటాడ లేవగా సభికులు గేలిచేసిరి. ఆ రాత్రియే కొందఱు కూడి ఆంధ్రజనసంఘమునకు నాంది పలికిరి. ఆ యత్నమే పెరిగి 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను తొలి ఆంధ్రమహాసభగా రూపొందెను. సభలో లేచి తన భాషలో మాటాడుట యను సాహసమును ఆ తరము యువకులు ఏ బడిలోను నేర్వలేదు.

సర్కారు జిల్లాలలోను ఇదే కాలమున ఇట్టి పని జరిగెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము నెలకొల్పుటకు అయ్యంకి వేంకటరమణయ్యగారు పాటుపడిరి. నేతగాండ్రు విరివిగా నివసించు చీరాల ప్రాంతమున, వేటపాలెములో 1918లో వి. వి. శ్రేష్ఠిగారు మొదలగువారు హిందూ యువజన సంఘము పేర గ్రంథాలయమును స్థాపించిరి. అదియే నేటి సారస్వతనికేతనము. దాని భవనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. పాత పత్రికలకై పరిశోధకులు ఇప్పటికిని ఆ యూరు వెదకికొని పోవుదురు. యువజనులు తమకొఱకు తాము కట్టుకొన్న గది యొకటి ఇంత కాలము నిలుచుట సామాన్యము కాదు. ఆ ప్రక్కనే, చీరాల పేరాలలను మునిసిపాలిటీగా చేసి పన్నులు పెంచినందుకు జనులు 1921లో ఊరు విడిచి, పాకలు వేసికొని, రామనగరమని పేరుపెట్టి నెలల తరబడి నిలిచిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు యువకులు అచ్చట క్రమశిక్షణతో సేవచేసిరి. ఇంటిలో కండె చుట్టిన చేతులే పాకలు కట్టెను, నీళ్ళు మోసెను, కావలి కాచెను. ఈ విషయమును గూర్చి వేఱొక వ్యాసమే వ్రాయవచ్చును. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెమువారు, పాతూరి నాగభూషణముగారి పూనికతో, కాలువమీద పడవలో పుస్తకములు పెట్టుకొని ఊరూరికి చేర్చుట గూడ ఈ యుద్యమములోని దే.

బడి గడపయే ఎక్కనీయబడని వారి యందును ఈ విద్య నడచినదని మనము మఱువరాదు. హైదరాబాదున భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, హరికథల ద్వారమున తమవారికి చైతన్యము కలిగించి, పిదప పాఠశాలలు నడపిరి. మొదట కథ, పిదప బడి. ఆ వరుసను గమనింపుడు. నాడు మన భజనమందిరపు మెట్లు వారికి మూసియుండెను. మన కథలను మనము గౌరవముతో చెప్పుకొనునప్పుడు ఈ సంగతిని గూడ చెప్పుకొనుట ధర్మము.

వసతిగృహముల చరిత్ర పోషకమహాశయులకు తెలిసినదే. 1918లో రాజాబహద్దూరు వేంకటరామారెడ్డిగారి యాదరమున హైదరాబాదులో రెడ్డి వసతిగృహము వెలసిన పిదప, అనేక కులములవారు ఆ మార్గము ననుసరించిరి. మనవారును పట్టణములలో తమ శక్తికొలది గృహములు కట్టిరి. వానిలో ఒకదానియందు నేను నాలుగేండ్లుంటిని. కళాశాలలో నేర్చిన గణితము నాకు జీవనమిచ్చినది; దానికి కృతజ్ఞుడను. కాని నెలకొక విద్యార్థి వంతున భోజనశాల లెక్కలు వ్రాయుట, బియ్యపు బస్తా కొనునప్పుడు బేరమాడుట, నెల చివర లోటు వచ్చిన తోడివారి యెదుట నిలిచి సమాధానము చెప్పుట, శనివారపు చర్చలో నా వాదమును ఓడించినవానితోనే రాత్రి ఒకే పంక్తిని భోజనము చేయుట, ఇవి ఆ గృహముననే నాకు అబ్బినవి. మేము చేతివ్రాత మాసపత్రిక యొకటి నడపితిమి. దానికి మొత్తము ప్రతి యొక్కటే. దానిని చదువుటకు వరుసలో వేచియుండెడివారము. అందులో నా పద్యములను పరిహసించిన మిత్రునకు నేను మూడునెలలు మాటాడలేదు. పద్యములు పరిహాసమునకు తగినవే యని యిప్పుడు ఒప్పుకొనుచున్నాను.

దూరదేశములకు పోయినవారి కథ వేఱు గాని, దాని సారమొకటే. పందొమ్మిదవ శతాబ్దపు చివర షోలాపురమున మిల్లులు వెలసినది మొదలు, కరీంనగరము, నల్లగొండ, పాలమూరు ప్రాంతములనుండి మనవారు అచ్చటికిని, బొంబాయికిని, తరువాత భీవండికిని తరలిపోయిరి. పదునైదేండ్ల కుఱ్ఱడు భాష తెలియని ఊరిలో రైలు దిగినప్పుడు అతనిని చేర్చుకొన్నది ఊరివారి గది. ఒకే గదిలో పాళ్ళు మార్చుకొని నిద్రించువారు పదిమంది. వారిలో ఒక పెద్ద. ఎవనికి ఏ మిల్లులో పని చూపవలెనో, ఎవడు ఇంటికి డబ్బు పంపుట మానెనో ఆ పెద్దకు తెలిసియుండెడిది. "నీ తల్లికి జాబు వ్రాసితివా?" అని వారమునకొకసారి అడుగువాడొకడు గలడని తెలిసిన కుఱ్ఱడు చెడిపోవుట కష్టము. శనివారపు రాత్రి భజనలో తాళము పట్టినవానికి మఱునాడు పని లేదన్న దిగులు కొంత తగ్గెడిది. 1982 జనవరిలో బొంబాయి మిల్లుల సమ్మె ఆరంభమై అనేక సంసారములను కూల్చినప్పుడు, మరలి వచ్చినవారికి మొదట అన్నము పెట్టినదియు ఇట్టి గదులును, ఇట్టి వీథులునే.

చేనేత సహకారసంఘముల సర్వసభ్యసమావేశములును ఒక విధమైన పాఠశాలలే. కొండా లక్ష్మణ్ బాపూజీగారు (1915–2012) మనవారిని సహకారమార్గమునకు త్రిప్పుటకు చేసిన కృషి ఈ సభకు చెప్పవలసిన పని లేదు. తండ్రి వెంట సమావేశమునకు పోయి వెనుక నిలుచుండిన యువకుడు తీర్మానమన నేమో, లెక్కల తనిఖీ యన నేమో, చేయి యెత్తుట యన నేమో అచ్చటనే తెలిసికొనెను. అచ్చటి కుట్రలను గూడ అచ్చటనే తెలిసికొనెననుకొనుడు.

నేటి స్థితి యేమి? సిరిసిల్లలో మరమగ్గము తిరుగుచున్నది. దానికి కావలసినది ఒక మనిషియు, విద్యుత్తును. వీథితో దానికి పని లేదు. పడుగు సాచుటకు ఇరుగుపొరుగువారిని పిలువవలసిన యగత్యమే లేదు. మన బిడ్డలు బడికి పోవుచున్నారు, సంతోషము. బడినుండి ట్యూషనుకు, ట్యూషనునుండి ఇంటికి, ఇంటిలో సెల్‌ఫోనుకు. పరీక్షలో తొంబది మార్కులు తెచ్చుకొన్న పిల్లవాడు ఇంటికి వచ్చిన చుట్టముతో నాలుగు మాటలాడలేక గదిలోనికి పోవుచున్నాడని తల్లులు నాతో చెప్పుకొనుచున్నారు. ఫోనును తిట్టుట సులభము, నేను తిట్టను. ఆ పిల్లవాడు ఫోను మూసి ఎచ్చటికి పోవలెను? ఆ యెచ్చట యనుదానిని మనము మిగిల్చితిమా యనునదే నా ప్రశ్న.

నేను చదువుకొన్న వసతిగృహమును ఇటీవల చూడబోయితిని. పేరు చెప్పను, చెప్పిన యందఱికిని కష్టము. భవనమునకు రంగులు వేసిరి, మీద ఒక అంతస్తు లేచినది. ముందుభాగమున కల్యాణమండపము, దానివలన ఆదాయము బాగుగనే వచ్చుచున్నదట. మా పఠనమందిరమునకు తాళము వేసియున్నది. తాళము తీయించి చూడగా, బీరువాలముందు మండపపు కుర్చీలును, వంటపాత్రలును పేర్చియున్నవి. పత్రికలు వచ్చుట మానినదట. నూఱుమంది విద్యార్థులకు కూడి కూర్చుండుటకు మెట్లు తప్ప వేఱొక చోటు లేదు. ఇందుకు నిర్వాహకులను నిందింపను. కుర్చీలకు అద్దె వచ్చును, పుస్తకములకు రాదు. లెక్క చూచువాడు అట్లే చేయును. దాతలును మండపమునకు ఇచ్చినంత సులభముగా పఠనమందిరమున కీయరు. మండపముమీద పేరు పెద్దయక్షరములతో కనబడును గదా. దాతలు నాపై కోపింపరని నమ్మెదను. వారి ధనముచేతనే నేను చదువుకొంటిని గనుక ఈ మాట చెప్పు హక్కును, బాధ్యతయు రెండును నాకున్నవి.

రేపటి సభలో కట్టడపు నిధిని గూర్చిన తీర్మానము రానున్నది. దానికి ఒక సవరణను నేను ప్రతిపాదింపనున్నాను. ప్రతి వసతిగృహమునను ఒక గదిని సాయంకాలము ఆఱు గంటలనుండి తొమ్మిది గంటలవఱకు తెఱచియుంచవలెను. ఆ గది తాళపుచెవి విద్యార్థుల చేతనే యుండవలెను. పత్రికల చందాలను, భోజనశాల లెక్కలను వారే వంతులవారీగా చూడవలెను. బాలికల వసతిగృహములకును ఇదే వర్తింపవలెను. ఇతర కులముల పిల్లలు వచ్చి కూర్చుండిన అడ్డుచెప్పరాదు. దీనికి అగు ఖర్చు ఒక దినపు పెండ్లివిందుకంటె ఎక్కువ కాదు. కుర్చీలకు వేఱుచోటు చూచుకొనవచ్చును.

మఱియొక మనవి. రేపు రాత్రి సభానంతరమున కూనపులివారిచే భావనాఋషి కథ ఏర్పాటుచేసియున్నారు. పటము పాతది, దూరమునుండి చూచువారికి బొమ్మలు సరిగా కనబడవు. ముందు రెండు వరుసలు ఆహ్వానితులకని చీటీలు అంటించియుండుట ఈయుదయము చూచితిని. ఆ వరుసలను పిల్లలకు విడువుడు.